గెట్టు విడిచే కాలం

హాలండ్ చూడడానికి ఏ కాలం మంచిదని ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఏప్రిల్ ఆఖరు అని తడుముకోకుండా చెబుతాను. ఆ సంవత్సరం మాత్రం ఆ ఒక్క మాట అనడానికి నాకు చలికాలం నుంచి ఉగాది దాకా పట్టింది.

తొంభైల మొదట్లో సంగతి ఇది. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో నేను టమాట పండించేవాణ్ణి. కూరకు కాదు, విత్తనానికి. ఒక రకం మొక్క పూల నుంచి పుప్పొడి తీసి మరో రకం మొక్క పూలకు చేత్తో అద్దాలి. చలికాలమంతా ఊళ్లో ఆడవాళ్లు సాళ్ల మధ్య వంగి, మొగ్గలు విప్పి, పుప్పొడి అద్ది, అద్దిన పువ్వుకు గుర్తుగా దారం కట్టేవాళ్లు. పండిన విత్తనాన్ని కరీంనగర్‌లో ఉండే ఆర్గనైజర్ వచ్చి తీసుకుని కంపెనీకి పంపేవాడు. ఆ కంపెనీ వెనుక హాలండ్ వాళ్లున్నారని విన్నాను తప్ప వాళ్లను ఎన్నడూ చూడలేదు. ఆ ఏడు వాళ్ల పరీక్షల్లో నా చేను విత్తనం అన్నిటికంటే ముందు నిలిచింది. ఒకసారి మా దేశం వచ్చి మా పని చూసి వెళ్లండి అని పిలిచారు.

మాది గడి, అంటే కోటలాంటి బంగళా, ఉన్న దొరల ఇల్లు. మా ఊరూ పక్క ఊళ్లూ తాత మాట మీద నడిచేవి. సీలింగు చట్టంలో కొంత భూమి పోయింది. కూలి సంఘాలు దొరల మీద తిరగబడ్డ కాలంలో మేం ఊరు విడిచి కరీంనగర్‌లో కిరాయి ఇంట్లో ఉన్న ఏళ్లలో ఇంకా పోయింది. గడి వానలకు కూలింది. మా నాన్న, బాపు, ఆ కిరాయి ఇంట్లోనే కన్నుమూశాడు. ఊరు కొంత సద్దుమణిగాక మా అమ్మను, అవ్వను, తీసుకుని తిరిగి వచ్చింది నేనే. గడిలో నిలబడి మిగిలిన రెండు గదులకు పెంకు వేయించి అందులో ఉన్నాం. నా భార్య పిల్లల చదువు కోసం కరీంనగర్‌లోనే ఉండేది. మాకు మిగిలింది బావి చెలక అనే మెట్ట చేను ఒక్కటి. బావి ఉన్న చెలక కాబట్టి దానికి ఆ పేరు. నౌకరీ చేయడం మా ఇంట్లో లేదు. చెలక పోతే నాకు వేరే బతుకు లేదు.

హాలండ్ వాళ్లకు మా తాత పేరు తెలియదు. గడి ఎక్కడుందో తెలియదు. వాళ్లు పిలిచింది నా చేతి పని చూసి. అందుకే పోవాలని గట్టిగా అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆర్గనైజర్ స్కూటర్ మీద వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“దొరా, టికెట్ వాళ్లదే, ఉండుడు తినుడు వాళ్లదే. మీరు చెప్పాల్సింది ఒక్కటే. ఏ నెల పోతరు?”

“వాళ్లేమంటున్నరు?”

“ఏప్రిల్ ఆఖరంటున్నరు. పూల కాలమట. కన్ను ఆననంత దూరం పూలేనట. జూన్‌ల పోతే రాత్రి పదింటిదాక పొద్దు కుంకదట. సెప్టెంబర్ గూడ నడుస్తదన్నరు. చలికాలం మాత్రం వద్దు. దినాం వాన, నాలుగున్నరకే చీకటి.”

“ఆలోచించి చెప్త.”

“గిండ్ల ఆలోచించేదేముంది దొరా? పెండ్లి సంబంధమా ఏంది?”

నేను నవ్వలేదు. అతను టీ తాగి వెళ్లిపోయాడు.

ఆలోచించేదేముందో అతనికి తెలియదు. మా బావి చెలకకు తూర్పున మా చిన్నబాపు భూమి. చిన్నబాపు అంటే బాపుకు స్వంత తమ్ముడు. తాత పోయాక అన్నదమ్ములిద్దరూ నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టుకుని నోటి మాట మీద పంచుకున్నారు. రెండు చేండ్ల మధ్య గెట్టు ఒకప్పుడు బండి పోయేంత వెడల్పు ఉండేదట. నేను ఊరికి తిరిగి వచ్చేనాటికి దాని మీద ఇద్దరు పక్కపక్కన నడవలేకపోయేవాళ్లు. ఆ తర్వాత ఏటా దుక్కి దున్నేటప్పుడు చిన్నబాపు ట్రాక్టర్ గెట్టును ఒక సాలు కొరికేది. ఒక్క సాలు. అడిగితే, “డ్రైవర్ మలిపిండురా, చూసుకోలే” అనేవాడు. మరుసటి ఏడు మళ్లీ ఒక సాలు. గెట్టు పలచబడి మా వైపు ఒరిగింది. అది పోతే తర్వాత చెలక. చెలకలో ఆ పక్కనే బావి.

కేసుకు పోవాలంటే ఒక భయం. రాత్రిళ్లు అడవిలోంచి ఊళ్లోకి వచ్చిపోయే దళం వాళ్ల ముందు పెట్టాలంటే ఇంకో భయం. ఆ రెండు చోట్లా మా ఇంటి పేరు వింటేనే మొహం మారేది. ఎవరినైనా కాపలా పెడదామంటే చిన్నబాపు ముందు నోరెత్తే మనిషి ఊళ్లో లేడు. మేం కరీంనగర్‌లో తలదాచుకున్న ఏళ్లలో కూడా ఆయన ఊళ్లోనే ఉన్నాడు. ఎవరితో ఎప్పుడు ఎలా మాట్లాడాలో ఆయనకు తెలుసు. రోడ్డు మీద స్లాబు ఇల్లు కట్టాడు, ట్రాక్టర్ కొన్నాడు. ఆయన ముందు నోరెత్తగలిగింది నేనొక్కణ్ణే. అందుకని దినాం పొద్దున్నే వెళ్లి గెట్టు చూసి వచ్చేవాణ్ణి.

ఇప్పుడు ఏ నెలలో పోవాలి? జూన్‌లో మిరుగం, మృగశిర కార్తె. తొలకరి పడగానే దుక్కులు, గెట్లు కదిలేదే అప్పుడు. సెప్టెంబర్‌లో చేన్లు ఏపుగా ఉంటాయి, ఆ పచ్చదనం మాటున గెట్టు ఎక్కడుందో ఎవరికీ కనబడదు. చలికాలంలో పుప్పొడి అద్దే పని, ఒక్క రోజు వదిలితే పంట పోతుంది. మిగిలింది ఎండకాలం. చేనులో పని ఉండదు. ఉండదు కాబట్టే చేనులో మనుషులుండరు. ఎండకాలం దున్నినవాణ్ణి చూసేవాళ్లే ఉండరు. హాలండ్ వాళ్లకు పూలు పూసే కాలం మా ఊళ్లో గెట్లు జరిగే కాలం.

నేను పోతున్నానన్న మాట ఊళ్లో ఎలాగో పాకింది. బస్టాండు దగ్గర హోటల్‌లో కూర్చుంటే ఎవరికి తోచిన నెల వాళ్లు చెప్పేవాళ్లు.

“దొరా, చలికాలమే పోవాలె. చలికాలం పోతే ఆరోగ్యానికి మంచిది.”

“ఆ చలికి గడ్డ కట్టుకపోతడు.”

“ఏం గడ్డ కట్టది. ఆదిలాబాద్ చలి చూసినోనికి హాలండేం లెక్క? మా బామ్మర్ది ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల చేస్తడు. పుష్యమాసంల పొద్దుగాల్ల నోరు తెరిస్తే పొగే.”

“మీ బామ్మర్ది నోరు తెరిస్తే ఎండకాలం గూడ పొగే, బీడీలది.”

వాళ్లు నవ్వుతుండగా చిన్నబాపు వచ్చి నా ఎదుటి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయనకు చాయ్ తెమ్మని ఎవరూ చెప్పనవసరం లేదు, దానంతట అదే వచ్చింది.

“ఎండకాలం పోరా,” అన్నాడు. “పూలుంటయట కదా. పేపర్ల చూసిన. చేన్ల ఏం పనుంటది నీకప్పుడు?”

“చూస్త.”

“చూసుడేంది? ఫికర్ జెయ్యకు. చెలక నేను చూసుకోనా? నేను లేనా?”

ఆయన లేకపోతే నాకు ఫికర్ ఉండేది కాదు. పదిమందిలో చిన్నబాపును అలా అనడం మా ఇంటి పద్ధతి కాదు.

“దసరా ఎల్లినంక పోదామనుకుంటున్న,” అన్నాను.

అది అప్పటికప్పుడు అన్న మాట. అన్నాక అదే మంచిదనిపించింది. దసరా తర్వాత అని ఊరంతా నమ్మితే, ఏప్రిల్‌లో కరీంనగర్‌లో పిల్లల దగ్గరికి పోతున్నట్టు బస్సెక్కి వెళ్లిపోవచ్చు. నేను లేనని ఆయనకు తెలిసేసరికి సగం రోజులు గడిచిపోతాయి. మరునాడే కరీంనగర్ వెళ్లి ఆర్గనైజర్‌కు ఏప్రిల్ ఆఖరు ఖాయం చేశాను. ఎవరికీ చెప్పవద్దన్నాను.

“పెండ్లి సంబంధమే అయ్యిందన్న మాట,” అన్నాడు.

అతనే ఇంకో మాట కూడా చెప్పాడు. పూల కాలమైనా అక్కడ చలి పోదు, గాలి కోస్తుంది, ఉన్ని బట్ట లేకుండా రావద్దన్నారట. నాకు స్వెటర్ లేదు. అప్పటికి ఎండలు ముదిరాయి. మెట్‌పల్లిలో తెలిసినవాళ్లు చూస్తారని కరీంనగర్‌లోనే ఒక బట్టల దుకాణానికి వెళ్లాను. స్వెటర్ అడిగితే దుకాణదారు నా నుదుటి చెమట చూసి, మళ్లీ మొహం చూశాడు. నిచ్చెన వేసి మనిషిని అటక ఎక్కించాడు. దుమ్ము మూటల్లోంచి ఒకటి తీయించాడు. నేను షర్టు మీదనే తొడుక్కుని చూసుకుంటుంటే దుకాణంలో ఉన్నవాళ్లంతా చూశారు. అందులో మా పక్కూరివాడు ఒకడున్నాడని నాకు తెలియదు.

మూడో నాటికి చిన్నబాపు మా ఇంటికి వచ్చాడు. మేం ఊరికి తిరిగి వచ్చాక ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. లోపలికి రాలేదు. అరుగు దగ్గర నిలబడి చేతిలో తువ్వాలతో విసురుకుంటూ అడిగాడు.

“స్వెటర్ కొన్నవట గదరా?”

“కొన్న.”

“ఉగాది ఎండల్ల?”

“సీజన్ కాదని అగ్గువకు ఇచ్చిండ్రు.”

“మంచిది, మంచిది. దసరాకు గూడ పనికొస్తది గద.” తువ్వాల భుజాన వేసుకున్నాడు. “మా అన్న గూడ నీలెక్కనే. ఏం చేసినా మాతోని చెప్పకపోయేది.”

అవ్వ లోపల గదిలో ఉంది. ఆయన వెళ్లాక కూడా బయటికి రాలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే చెలకకు వెళ్తే, చిన్నబాపు వైపు గెట్టు పక్కన ఒక ట్రాక్టర్ రాళ్లు పోసి ఉన్నాయి. పొడుగాటి రాళ్లు, పాతడానికి పనికొచ్చేవి. అక్కడున్న కూలి మనిషిని అడిగితే, “పశువుల కొట్టానికట” అన్నాడు. కొట్టం ఊరికి అటు పక్కన ఉంది. ఆ రాళ్లు ఇక్కడ ఎందుకు పోశారో అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ నాటి నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లడం మొదలుపెట్టాను. రాళ్లు అక్కడే ఉన్నాయి. ట్రాక్టర్ ఒకసారి వచ్చి గెట్టు వెంబడి నిలబడి ఉండేది, మరుసటి రోజు ఉండేది కాదు. ప్రయాణం వారం ఉందనగా పోవద్దని తేల్చుకున్నాను.

పొద్దున తింటున్నప్పుడు అవ్వతో చెప్పాను.

“పోతలేను.”

“ఎందుకు?”

“నేను అటు పోంగనే వాడు ఇటు రాళ్లు పాతుతడు.”

అవ్వ నా కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది. “ఏ కాలం పోతే పాతడు?”

నేను పప్పన్నం కలుపుకున్నాను.

“ఏ కాలమైనా పాతుతడు గద. అయితే ఎన్నడు పోవన్నట్టు.”

“పోకుంటె ఏం పోయింది?”

“పిలిచిండ్రు గద నిన్ను.” గిన్నె మీద మూత పెట్టి, “నేను కూసుంట గెట్టు మీద,” అంది.

అవ్వ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి పొలంలో అడుగు పెట్టలేదు. మా ఇంటి ఆడవాళ్లు పుట్టింటికి పోవాలన్నా బండికి పరదా కట్టేవాళ్లు. కరీంనగర్ కిరాయి ఇంట్లో ఉన్నప్పుడు కూడా అవ్వ బజారుకు పోలేదు. గెట్టు మీద కూలోళ్ల పక్కన, ఊరంతా చూస్తుండగా అవ్వ కూర్చోవడం నేను ఊహించలేకపోయాను.

“మనింటి ఆడోళ్లు గెట్ల మీద కూసోరు,” అన్నాను.

“మనింటోళ్లు ఏమేం చెయ్యకపోయేది, ఇప్పుడేమేం చేస్తున్నరు, నేను చూస్తలేనా?” అంది. తర్వాత, “నాకా చెలక ఏ దిక్కున్నదో గూడ తెల్వది. చూపిద్దువు పా,” అంది.

వద్దన్నాను. గట్టిగానే అన్నాను. అవ్వ చేయి కడుక్కుని, మంచి చీర కట్టుకుని, గొడుగు తీసుకుని అరుగు దిగింది. నేను ఆపకపోతే ఒంటరిగా పోయేలా ఉంది. దారి అడుగుతూ పోతే ఇంకా అప్రతిష్ఠ. ముందు నడిచాను.

ఊరి మధ్య నుంచి పోవాల్సి వచ్చింది. గుమ్మాల్లోకి మనుషులు వచ్చారు. ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. పడుచువాళ్లకు ఆమె ఎవరో తెలియదు, అడిగి తెలుసుకుంటున్నారు. నేను తల తిప్పలేదు. “జర మెల్లగ నడువు,” అని వెనుక నుంచి అవ్వ రెండుసార్లు అంది. నేను మెల్లగా నడవలేదు.

ఊరు దాటగానే ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. చెలక దగ్గరికి వచ్చేసరికి చూశాను. ట్రాక్టర్ వెనుక దుక్కి సామాను కట్టి ఉంది. చిన్నబాపు మడ్గార్డు మీద కూర్చుని ఉన్నాడు. ముగ్గురు కూలోళ్లు గడ్డపారలు పట్టుకుని రాళ్ల కుప్ప దగ్గర నిలబడ్డారు. నేను ఊళ్లో ఉండగానే మొదలుపెట్టబోతున్నాడు. స్వెటర్ తర్వాత ఇక దాచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలలేదు.

నేను పరుగెత్తబోయాను. అవ్వ గొడుగు నా మోచేతికి అడ్డం పెట్టింది.

ముందు చూసింది డ్రైవర్. తనంతట తనే ఇంజన్ ఆపాడు. చప్పుడు ఆగిందని తల తిప్పి చిన్నబాపు చూశాడు. దిగాడు. చేతిలో సిగరెట్ వెనక్కి పారేశాడు.

మా నాయనమ్మ పోయినప్పుడు ఆయన పసివాడు. కొత్త కోడలిగా వచ్చిన అవ్వే ఆయనకు అన్నం కలిపి పెట్టింది, నీళ్లు పోసింది. నాకు ఊహ తెలిసేనాటికి కూడా ఆయన అవ్వ ముందు కుర్చీలో కూర్చునేవాడు కాదు. అన్నదమ్ముల మాటలు ఆగిపోయాక ఇద్దరూ ఎదురుపడింది తక్కువ.

“వదినె! గీ ఎండల మీరెందుకొచ్చిండ్రు?”

“నా భూమి నేను చూద్దామని వచ్చిన తమ్మీ,” అంది అవ్వ. “నా కొడుకు పై దేశం పోతుండు. ఆడ ఎవలన్న నీకెంత భూమి ఉన్నదంటే వాడు చెప్తడు. ఈడ నన్నడిగితే నేనేం చెప్పాలె? ఎన్నడన్న చూస్తినా?”

“వాడు చూపిస్తడు గద వదినె.”

“పంచుకున్ననాడు వాడు పిల్లగాడు. పెద్దమనుషులు ఒక్కరు లేరిప్పుడు. మీ అన్న లేడు. నువ్వొక్కనివే ఉన్నవు. నువ్వే చూపియ్యి. మాది ఎక్కడిదాక?”

“అవ్వా, నేను చూపిస్త—”

“నువ్వాగు,” అంది అవ్వ నాతో.

కూలోళ్లు గడ్డపారలు భూమికి ఆనించి నిలబడ్డారు. చిన్నబాపు డ్రైవర్ వైపు చూశాడు, రాళ్ల వైపు చూశాడు. గెట్టు చూపిస్తే రాళ్లతో పని లేదు. గెట్టు దాటి చూపిస్తే ఆమె మొహం చూసి చూపించాలి. ఎండ మండుతోంది. అవ్వ గొడుగు తెరవలేదు, చేతికర్రలా పట్టుకుని నిలబడింది.

ఆయన ఒక కూలివాడి చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. గెట్టు దాటాడు. మా చెలకలోకి బండి వెడల్పంత దూరం వచ్చి, ఒక మోదుగ మొద్దు పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. ఒక్కడే తవ్వాడు, కూలోళ్లను పిలవలేదు. మోకాలి లోతున రాయి తగిలింది. చేత్తో మట్టి తీశాడు. నిలువుగా పాతిన రాయి.

“గిది, వదినె,” అన్నాడు రొప్పుతూ. “పంచుకున్ననాడు పెద్దమనుషులు పాతిచ్చింది. అన్న ఉండంగనే గెట్టు అటు జరిగింది. నేనెన్నడు అనలే.”

“అబద్ధం!” అన్నాను. “నువ్వు పాతిన రాయే గది! నిన్న గాకుంటె మొన్న!”

“నేను నీతోని మాట్లాడుతలేను. వదినెతోని మాట్లాడుతున్న.”

“మా బాపు గెట్టు జరిపిండంటవా? చచ్చిపోయినోని మీద—”

“అరవకు,” అంది అవ్వ నాతో. గుంత దాకా వెళ్లి వంగి రాయిని చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

“గిదేనా తమ్మీ?”

“గిదే.”

“గీ రాయికి అటు నీది. ఇటు మాది. గంతేనా?”

“గంతే వదినె.”

“ఇంకేం లేదు గద? మల్ల యాదికొచ్చేదేమన్న ఉన్నదా?”

ఆయన మొహం ఎర్రబడింది. “లేదు.”

అవ్వ డ్రైవర్‌ను పిలిచింది. “ఓ బిడ్డా, నువ్వు విన్నవా?”

“విన్న దొరసాని.”

“మీరు?” అంది కూలోళ్లతో. ముగ్గురూ తలూపారు.

“అయితే దున్నుకో,” అంది అవ్వ చిన్నబాపుతో. “గీ రాయి దాక.”

బండి వెడల్పంత నేల, చెలక పొడుగునా. ఒక్క మాటలో పోయింది. ఒకప్పుడు తాత ఒక మనిషిని కన్నెర్ర చేసి చూస్తే ఊరు దద్దరిల్లేది. మేం ఊరు విడిచిన రోజున కూడా ఎవరికీ దండం పెట్టలేదు. ఇప్పుడు కూలోళ్ల ముందు, ట్రాక్టర్ డ్రైవర్ ముందు, మా అవ్వ మా భూమి ఇచ్చేసింది.

అవ్వ మంచినీళ్లడిగింది. చిన్నబాపు తన నీళ్ల డబ్బా తానే మోసుకుని వచ్చాడు. ఆమె తాగేదాకా మూత చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ నీళ్లు తాగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ ముందు నడిచింది. దారి ఒకసారి చూస్తే చాలినట్టుంది. ఊరు దగ్గరపడ్డాక నేనే నోరు తెరిచాను.

“గా రాయి వాడు పాతిందే.”

“అయ్యుంటది.”

“తెలిసి ఇచ్చినవా?”

“మీ బాపు జరిపిండో, వాడు పాతిండో, నాకెట్ల తెలుస్తది? నేనెన్నడన్న చూసిననా?” అంది అవ్వ. “వాడు ఏడాదికో సాలు తింటుండు. నువ్వు దినాం పోయి చూస్తున్నవు. ఎన్నేండ్లు చూస్తవు? ఇయ్యాల వాని నోటితోని గీడిదాక అని అనిపిచ్చిన. నలుగుర్ల, నా మొఖం చూసి అన్నడు. ఇగ వాడు దాటడు.”

“దాటితే?”

“దాటితే నాకు మొఖమెట్ల చూపిస్తడు?”

“ఇప్పుడు మాత్రం మొఖం చూపిస్తుండా వాడు?”

అవ్వ ఇంటి అరుగెక్కాక, “ఇగ ఏ కాలం పోతవో పో. ఏ కాలమైనా ఒక్కటే,” అంది.

ఆ వారం అవ్వతో సరిగా మాట్లాడలేదు. తినేటప్పుడు కావలసింది అడిగాను, అంతే. చెలకకు కూడా పోలేదు. పోయి చూడడానికి మనసొప్పలేదు. ట్రాక్టర్ చప్పుడు ఇంటి దాకా వినిపించేది. ఏప్రిల్ ఆఖరున అందరికీ తెలిసేలా బస్సెక్కాను. చిన్నబాపు బస్సు దగ్గరికి వచ్చాడు. “స్వెటర్ పెట్టుకున్నవా?” అన్నాడు. పెట్టుకున్నానని చెప్పాను. ఇంకేం మాట్లాడుకోలేదు.

హాలండ్‌లో పూలు చూశాను. ఆర్గనైజర్ చెప్పింది నిజమే, ఎర్ర సాళ్లూ పసుపు సాళ్లూ ఆకాశం దాకా ఉన్నాయి. గాలి స్వెటర్ దాటి ఎముకల్లోకి వచ్చేది. పూలు బాగా విచ్చుకున్న చేనులో ఒక మిషను వచ్చి తలలన్నీ కోసుకుంటూ పోయింది. పూలు వాళ్లకు అక్కర లేదట, కింద గడ్డ బలపడాలట. గాజు ఇండ్లలో టమాట చూశాను, వాళ్ల చేతి పని మా ఆడవాళ్ల పని కంటే మెరుగ్గా ఏం లేదు.

నన్ను ఆపింది మాత్రం గెట్లు. అక్కడ గెట్లు లేవు. చేనుకూ చేనుకూ మధ్య నీళ్ల కాలువ. ఒకటి కాదు, అన్ని చేన్లకూ అంతే. కాలువ ఒడ్డున నిలబడిపోయాను. పక్కవాడు దీన్ని జరుపుకోడా అని ఆ రైతును అడగమని, నాతో వచ్చిన కంపెనీ ఆఫీసర్‌తో అన్నాను. అతను హైదరాబాద్ మనిషి, నా తరఫున ఇంగ్లిష్‌లో మాట్లాడి పెట్టేవాడు.

“ఏం అడుగుతున్నరు సార్? పరువు పోతది,” అన్నాడు. అడగలేదు.

అక్కడున్నన్ని రోజులూ పొద్దున లేవగానే మా చెలకే గుర్తొచ్చేది. అక్కడి పొద్దుకూ మా పొద్దుకూ తేడా లెక్కేసుకుని, ఇప్పుడు దున్నుతున్నాడా, ఇప్పుడు తింటున్నాడా అనుకునేవాణ్ణి. దాటుతాడు, తప్పకుండా దాటుతాడు అనుకున్నాను. వెళ్లగానే ఏం అనాలో, ఎవరెవరిని పిలవాలో మాటలు కూర్చుకున్నాను. అవ్వకు చూపించి, చూడు నీ మరిది అని అనాలని కూడా కూర్చుకున్నాను.

తిరిగి వచ్చింది రోహిణి కార్తె ముందు. బస్సు దిగి, పెట్టె హోటల్‌లో పెట్టి, ఇంటికి పోకుండా సీదా చెలకకు పోయాను. పాత గెట్టు లేదు. మోదుగ మొద్దు కూడా లేదు. మా చెలకలోకి బండి వెడల్పంతా దున్ని ఉంది. రాయి మాత్రం నిలబడి ఉంది, అదే చోట పైకి లేపి కనబడేలా పాతారు. ట్రాక్టర్ సాలు ఆ రాయి దగ్గరికి వచ్చి, దానికి తగలకుండా జానెడు దూరంలో మలుపు తిరిగి వెనక్కి పోయింది.

రాయి నుంచి బావి దాకా అడుగులతో కొలిచాను. మళ్లీ వెనక్కి కొలిచాను. చెలక పొడుగునా నడిచి, ప్రతి సాలూ ఎక్కడ మలిగిందో వంగి చూశాను. ఎండలో ఎంతసేపు నడిచానో తెలియదు. చిన్నబాపు ఒక్క చోట కూడా దాటలేదు. ఒక్క చోటైనా దాటి ఉంటే బాగుండునని నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను.